శనివారం ఆఖరి గడియారం

వారమంతా పొరబడని కన్ను శనివారం ఆఖరి గడియారం దగ్గరే ఎందుకు పొరబడుతుంది? ఏడేళ్లుగా మౌనస్వామిని తొలుస్తున్న అనుమానం ఇదొక్కటే.

మౌనస్వామి అసలు పేరు కాదు. వాడిన ఖరీదైన గడియారాలు కొని అమ్మే ఆ షాపులో, రోజుకు పది మాటలు మించి మాట్లాడడని తోటివాళ్లు పెట్టిన పేరు. గడియారం వెనక మూత తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని, లోపలి యంత్రం అసలుదో నకిలీదో తేల్చడం ఆయన పని. నకిలీ చేసేవాడు కంటికి కనపడేచోట మెరుగు పెడతాడు. అసలు పనివాడు ఎవరూ చూడని చక్రం అడుగున కూడా అంచు నునుపు చేస్తాడు. దేవుడు చూస్తాడని కాబోలు, అనుకునేవాడు మౌనస్వామి. సాయంత్రానికి ఆయన కంటి చుట్టూ గుండ్రటి గుర్తు మిగిలేది, మెడ కొయ్యబారేది.

ఆయన చూశాక అదే గడియారాన్ని గోడకవతల కూర్చునే ఒకావిడ చూసేది. ఆవిడను అందరూ 'రెండో చీటీ' అనేవారు. అసలుదో నకిలీదో ఎవరికి వారు చీటీ మీద రాయాలి, ఒకరి చీటీ ఒకరు చూడకూడదు. చీటీలు కలవకపోతే ఇద్దరూ ఒకే దీపం కింద కూర్చుని మళ్లీ విప్పాలి. అది షాపు నియమం.

నెలలో రెండు మూడు శనివారాలు ఆఖరి గడియారానికి చీటీలు కలిసేవి కావు. విప్పిన రెండు నిమిషాలకే ఆవిడ "మీరే కరెక్టండీ" అనేది. మూత బిగించడానికి మాత్రం అరగంట పట్టేది. ఆ అరగంటలో మోకాళ్ల నొప్పులు, కంటి చుక్కల మందు, వాళ్ల వదిన సణుగుడు అన్నీ దొర్లేవి. వారం మొత్తంలో మౌనస్వామికి అలసట తెలియనిది ఆ అరగంటే. అయినా ఆవిడ పొరబాటుకీ ఆ అరగంటకీ ముడి పెట్టుకోలేకపోయాడు. చక్రం పంటి మీద గీతను పట్టే కంటికి ఎదురుగా కూర్చున్న మనిషి ఆనలేదు.

ఒక సోమవారం యజమాని ఏడేళ్ల చీటీలూ ముందేసుకుని కూర్చున్నాడు. ఇన్ని తప్పులు రాసిన కన్నుతో వ్యాపారం చేయలేనని, నెలాఖరుకి ఆవిడను మానిపించేస్తానని, ఆ మాట మెల్లగా ఆవిడ చెవిన వేయమని మౌనస్వామికి పురమాయించాడు.

మౌనస్వామి తప్పుల చీటీలన్నీ ఏరి ఒక్కొక్కటే చూశాడు. అన్నీ శనివారాలే. అన్నీ అసలుదాన్ని నకిలీ అన్నవే. నకిలీని అసలుదన్న చీటీ ఒక్కటీ లేదు. షాపుకి చిల్లిగవ్వ నష్టం లేదు.

ఆ కట్ట పట్టుకుని గోడకవతలికి వెళ్లాడు.

"మీ కన్ను బాగానే ఉంది కదండీ?"

"బాగానే ఉంది." ఆవిడ భూతద్దం తీయలేదు.

"మరి ఇవేమిటి?"

"వారమంతా మీ నోట వచ్చేది 'నమస్కారం', 'వస్తానండీ'. అంతేగా. ఇంకేం చేయమంటారు?"

"చీటీలో అబద్ధం రాయడం తప్పు కదా?"

"తప్పే. ప్రతి ఆదివారం దేవుడి ముందు లెంపలేసుకున్నా. శనివారానికి నొప్పి తగ్గిపోయేది."

మౌనస్వామికి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆరేళ్ల కిందట దర్జీ కొట్టు నడిపే ఆవిడ అన్నయ్య ఆయన ఇంటికొచ్చి తన చెల్లెలిని చేసుకుంటారా అని అడిగాడు. మంచాన ఉన్న అమ్మని అడిగి చెబుతానన్నాడు మౌనస్వామి. ఆ జవాబు ఇవ్వనేలేదు. అమ్మ పోయి మూడేళ్లయింది.

"మా అన్నయ్య ఇంకా అంటుంటాడు," అంది ఆవిడ. "ఆయన వాళ్లమ్మని అడగడానికి ఎంత దూరం వెళ్లాడో అని."

మౌనస్వామి తిన్నగా యజమాని దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ మానితే తానూ మానతానన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట యజమాని ఎన్నడూ వినలేదు.

"ముందే చెప్పి ఏడవచ్చు కదయ్యా," అన్నాడు యజమాని నీరసంగా. "కుర్చీలు దగ్గరగా వేయించేవాణ్ణి. ఇకనుంచి నిజం రాయమను, చాలు."

అన్నయ్యకు జవాబు చెప్పడానికి ఇప్పటికైనా రావచ్చా అని మౌనస్వామి ఆవిడను అడిగాడు. ఆవిడ గొడుగు ఆయన చేతికిచ్చి, అన్నయ్య కొట్టు మూసేలోపు వెళ్దాం పదండి అంది. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆ ఒక్క గొడుగూ ఆవిడ వైపే వాలింది. దర్జీ కొట్టు చేరేసరికి మౌనస్వామి ఎడమ భుజం పూర్తిగా తడిసింది.

అన్నయ్య మెడలో టేపుతో మిషను మీంచి తలెత్తాడు.

"అప్పుడు మీరడిగినదానికి జవాబు బాకీ పడ్డానండీ," అన్నాడు మౌనస్వామి. "అమ్మ ఆ రోజే సరేనంది. వచ్చినమ్మాయి చేత మంచం పక్కన చాకిరీ చేయించడం ఇష్టంలేక నేనే మింగేశాను. అమ్మ పోయాక ఇంత ఆలస్యంగా చెప్పడానికి మొహం చెల్లలేదు. నాదీ సరేనండి."

అన్నయ్య టేపు తీసి మిషను మీద పెట్టాడు. తర్వాత కుర్చీ మీది గుడ్డలు పక్కకు నెట్టాడు.

"కూర్చోండి బావగారూ," అన్నాడు.