పరస్థానం

"నా బ్యాగు మీ కార్లో ఎందుకుందండీ?"

పురుషోత్తపట్నం రేవులో పాపికొండల బోటు దిగి, తల్లిని ఎక్కించడానికి కారు తలుపు తీయబోతున్న గణేష్‌బాబు ఆ గొంతుకు ఉలిక్కిపడ్డాడు. పొద్దుటినుంచీ ఆ అమ్మాయి నవ్వులు వింటూ, విననట్టు నటిస్తూ ప్రయాణం చేసినవాడే. పేరు హైమ అని కూడా తెలుసు. వాళ్ళ మామ్మ బోటంతా వినపడేలా అదే పేరు పిలుస్తూ ఉంది మరి. ఇప్పుడా హైమ నీలం గొడుగు పట్టుకుని, కారు అద్దంలోంచి కనబడుతున్న ఎర్ర బ్యాగు వైపు వేలు చూపిస్తూ నిలబడింది. నవ్వు మాత్రం లేదు.

"అది మీదాండీ? పొద్దున మీ మామ్మగారు పెట్టమన్నారు. పెట్టాను."

"ఎవరు పెట్టమన్నా పెట్టేసుకుంటారా?"

"పెద్దావిడ అడిగితే కాదంటామేంటండీ?"

ఈలోగా ఆ పెద్దావిడ రానే వచ్చింది. హైమ మామ్మ, భీమవరం అలివేలుమంగగారు. "ఆ అబ్బాయినేం అనకే. పరస్థానం పెట్టించింది నేనే" అంది.

ఆదివారం నాలుగున్నర దాటితే రాహుకాలం. బోటు ఒడ్డుకు చేరేదీ అప్పుడే. దానికి మామ్మ దగ్గర పాతకాలపు ఉపాయం ఒకటుంది. బయల్దేరవలసిన మనిషి వస్తువొకటి మంచి ఘడియలో పరాయివాళ్ళ చోట పెట్టేస్తే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. ఇంటి దగ్గరైతే పక్కింట్లో పెడతారు. రేవులో పక్కిల్లు లేదు కాబట్టి పక్క కారు చూసుకుంది.

"రుమాలు పెడితే సరిపోదా మామ్మా? అందులో నా సర్టిఫికెట్లున్నాయి!"

"కిందటిసారి రాహుకాలంలోనే వెళ్ళావు. ఏమైంది? కంపెనీ మూతపడింది."

అదే సమయానికి హైమ ఫోన్ మోగింది. ఎయిర్‌పోర్టుకని బుక్ చేసుకున్న క్యాబ్ రావడం లేదట. బంధువులందరినీ తెచ్చిన మినీబస్సేమో డీజిల్ కోసమని వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. హైమ మొహంలో రంగు పోయింది.

"కంగారు పడకమ్మా. మేం కొవ్వూరేగా వెళ్ళేది. ఎయిర్‌పోర్టు మీదుగా పోతాం" అంది గణేష్‌బాబు తల్లి సూర్యకళ.

"బ్యాగున్న చోటునుంచే మనిషి కదలాలి. శాస్త్రం కూడా అదే" అంది మామ్మ. ఆ శాస్త్రం ఆవిడ అప్పటికప్పుడు పుట్టించిందేమోనని గణేష్‌బాబుకు అనుమానం.

సూర్యకళ వెనక సీట్లో బ్యాగు పక్కన చేరి కళ్ళు మూసుకుంది. హైమ ముందు కూర్చుంది. వాన మొదలైంది.

"ఏడింటికి ఫ్లైటండి. ఆరింటికి కౌంటరు మూసేస్తారు. రేపు పొద్దున్నే బెంగళూరులో జాయినింగ్. ఎన్నో నెలలు ఇంట్లో కూర్చున్నాక వచ్చిన ఉద్యోగం. ఇదీ పోతే..."

"పోదండి."

హైమ గొడుగు మడిచి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

"మీరేం చేస్తారు?"

"జంగారెడ్డిగూడెంలో పామాయిల్ మొక్కల నర్సరీ అండి."

"మొక్కలతో కూడా ఇంత పొదుపుగానే మాట్లాడతారా?"

"అవి ఇన్ని ప్రశ్నలు వేయవండి."

హైమ నవ్వేసింది. బోటులో విన్న నవ్వే. ఇంత దగ్గరగా వినేసరికి గణేష్‌బాబు గేరు మార్చడం కూడా మర్చిపోయాడు.

"బోటులో నన్నే చూస్తున్నారు కదూ?"

"అబ్బే, కొండల్ని చూశానండి."

"కొండలు దాటేశాక కూడానా?"

గణేష్‌బాబు చెవులు ఎర్రబడ్డాయి. వెనక సీట్లో తల్లి దగ్గింది. నిద్రలో దగ్గిందో, మెలకువలో దగ్గిందో తెలియలేదు.

సీతానగరం దాటాక కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నాయి. బళ్ళన్నీ ఆగిపోయాయి. "ఓ అరగంటలో నీరు తీసేత్తదండీ, ఆగండి" అన్నాడు ట్రాక్టరు మీదున్న ఆయన.

అరగంట. గణేష్‌బాబు స్టీరింగు మీద చేతులు వేసుకుని ఆ నీళ్ళవైపు చూశాడు. ఊరికే కూర్చుంటే చాలు. ఫ్లైటు తప్పుతుంది. ఈ అమ్మాయి ఈ రాత్రికి ఇక్కడే ఉంటుంది. అందులో అతని తప్పేమీ ఉండదు.

కారు రివర్స్ చేశాడు. పొలాల మధ్య మట్టిరోడ్డు పట్టి, రెండుసార్లు బురదలో జారి, చుట్టుతిరిగి కోరుకొండ రోడ్డెక్కాడు.

"ఆగిపోయినా నేనేం అనేదాన్ని కాదండీ" అంది హైమ మెల్లగా.

"తెలుసండి. ఆగాలనే అనిపించింది. ఆగితే మీ ఉద్యోగం పోతుంది."

హైమ కిటికీవైపు తిరిగింది. ఎయిర్‌పోర్టున్న మధురపూడి వచ్చేదాకా అటే చూస్తూ కూర్చుంది. అనవసరంగా నోరు జారానని గణేష్‌బాబు తనను తానే తిట్టుకున్నాడు.

ఆరు కావడానికి కొద్ది నిమిషాల ముందు కారు ఎయిర్‌పోర్టు ముందు ఆగింది. హైమ బ్యాగు లాక్కుని, "థాంక్సండీ, ఆంటీ వస్తాను" అని వానలోనే పరుగెత్తింది. ఫోన్ నంబరు అడిగే తీరిక కూడా ఇవ్వలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"గొడుగు వదిలేసిందిరా" అంది వెనకనుంచి సూర్యకళ, పూర్తి మెలకువతో.

గణేష్‌బాబు గొడుగు తీసుకుని పరుగు తీశాడు. హైమ అప్పుడే టికెట్ చూపించి లోపలికి అడుగు పెట్టింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"గొడుగు మర్చిపోయారండీ!"

"వాన పడుతుంటే గొడుగెవరైనా మర్చిపోతారా?" అంది వెనక్కి తిరిగి.

"మరి?"

"పరస్థానమండి. మీ ఊరికి నా ప్రయాణం మొదలైపోయింది. మంచి ఘడియ కాదంటుందేమో మామ్మ. నాకు మాత్రం మంచిదే అనిపించింది."

గేటు దగ్గరి జవాను లోపలికి వెళ్ళమన్నాడు. ఆమె నవ్వుతూ వెళ్ళిపోయింది.

గణేష్‌బాబు తడిసి ముద్దయి కారు దగ్గరికొచ్చాడు.

"చేతిలో గొడుగుండి తడిశావేంట్రా?"

"ఇది మనం వాడకూడదమ్మా. పరస్థానం పెట్టింది."

సూర్యకళ కొడుకు మొహంలోకి ఓ క్షణం చూసి, గొడుగు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే కార్లో ఎందుకు? ఇంట్లో పెడదాం. పోనీ" అంది.