గాటు పడిన కాయ

మిట్టమధ్యాహ్నం... ఈజిప్టులోని ఫయ్యూమ్ తోటల మీద ఎర్రటి ఎడారి దుమ్ము కమ్మి, సూర్యుడు చచ్చిన చేప కన్నులా తెల్లబడిన వేళ! మేడిచెట్ల నడుమ, కాయలను పండించే మందు పీపా మీద ఒక కపాలం! పట్టపగలే గుడ్లగూబ కూసింది.

పళ్ళ వ్యాపారి బయ్యూమీ ఒళ్ళు జలదరించింది. కాయలు పచ్చిగా చెట్ల మీద ఉండగానే తోట పంటంతా కొన్నాడు. గురువారం ఉత్సవానికి పండితే లాభం. దాటితే గాడిదల మేత. అక్కడి మేడికాయకు కత్తిగాటు పడాలి. గాటు పడ్డది నాలుగో రోజుకు పండుతుంది, పక్కది పచ్చిగానే ఉంటుంది. గాట్లు పెట్టే గందూర అవ్వ కూలి దండగనుకుని అతడు మందు తెచ్చాడు. దానికి వారం పడుతుందని తెలిశాక మాంత్రికుడు దహ్షాన్‌ను పిలిచాడు. వాడు డబ్బేమీ అడగలేదు. ఉచితంగా వచ్చే సరుకును బయ్యూమీ ఏనాడూ నమ్మలేదు. ఆ రోజు నమ్మాడు.

దహ్షాన్ తాను తెచ్చి పెట్టిన ఆ కపాలం ముందు మంత్రించి మందు చల్లాడు. చూస్తుండగానే కాయలు ఉబ్బాయి... ఎర్రబడ్డాయి...

అంతలో ఇంట్లోంచి ఆర్తనాదం! ఆరో నెల గర్భిణి, బయ్యూమీ భార్య నఫూసా, తూలుతూ తోటలోకి వచ్చింది. ఆమె కడుపు క్షణక్షణానికీ పెరుగుతోంది! ఆమె నోట ఎవరిదో బొంగురు గొంతు.

"పండాను... కోసుకో."

దహ్షాన్ నవ్వాడు. "మంత్రానికి ఓ గర్భిణి పేరు కావాలి బయ్యూమీ. నీ పెళ్ళాం పేరు చెప్పాను. తోట పళ్ళు నీవి, ఆ పండు నాది."

బయ్యూమీ వాడి కాళ్ళు పట్టుకున్నాడు. సరుకంతా ఇస్తానన్నాడు, ఇల్లు రాసిస్తానన్నాడు. వాడు అతణ్ణి తన్ని, నఫూసా కడుపు మీదికి చెయ్యి చాచాడు.

కేక విని గందూర అవ్వ వచ్చింది. చేతిలో వంకర కత్తి. అరవై ఏళ్ళ మేడిపాలు ఇంకి నల్లబడిన అలుగు. కపాలాన్ని, నఫూసాను చూసి ఆమెకు సంగతి అర్థమైంది.

"పండే తొందర నీకేగా నాయనా," అంది. బిస్మిల్లా అని, కాయకు పెట్టినట్టే దహ్షాన్ చెవికి చిన్న గాటు పెట్టింది.

తోటంతా కమ్మిన ఆ మాయాకాలం ఒక్కసారిగా ఆ గాటులోకి దూరింది! వాడి జుట్టు నెరిసింది... పళ్ళు రాలాయి... చర్మం మగ్గి, చీలి, తీపి కంపు కొట్టింది. అరుపు ముగిసేలోపే ఈగలు ముసిరాయి. కపాలం రెండు ముక్కలైంది. నఫూసా కడుపు మళ్ళీ ఆరో నెలకు తగ్గింది.

బయ్యూమీ పళ్ళన్నీ తన చేతులతోనే కాలువలో పారబోశాడు. గురువారం ఉత్సవం దాటిపోయింది.

మూడు నెలల తరువాత నఫూసాకు నొప్పులొచ్చాయి. ఒక రాత్రి గడిచింది, ఒక పగలు గడిచింది. గుమ్మం దగ్గర కూర్చున్న బయ్యూమీని, త్వరగా అయ్యేందుకు కషాయం పట్టమంటావా అని గందూర అవ్వ అడిగింది.

"వద్దవ్వా," అన్నాడు. "దాని టైముకే రానీ."