సూర్యుడి మీద నింద

పైలట్ నా మీదికి గొడవకు వచ్చేసరికి బయట వర్షం దంచేస్తోంది. నేనేమో సర్వే ఆఫీసులో కూర్చుని ఆమె గురించే కలలు కంటున్నాను. ఇంత త్వరగా ఫలిస్తాయనుకోలేదు.

"ఇదేంటండీ?" తడిచేత్తో ఒక గ్రాఫు నా బల్ల మీద పరిచింది.

మా పని ఇది. ఆమె చిన్న విమానంలో, తక్కువ ఎత్తున, పొలం దున్నినట్టు పక్కపక్కనే గీతలుగా ఎగురుతుంది. విమానం తోకకు అమర్చిన మీటరు కింది నేల అయస్కాంత శక్తిని కొలుస్తుంది. దాన్నిబట్టి మట్టి కింద ఏ రాయి ఉందో, అది ఎక్కడ పగిలి పక్కకు జరిగిందో నేను మ్యాపు గీస్తాను. ఆ శక్తి రోజంతా దానంతటదే కాస్త మారుతూ ఉంటుంది. ఆ తేడా తీసేయడానికి రన్‌వే చివర నేల మీద ఇంకో మీటరు పెట్టాం. దానికి కాపలా కూడా నేనే.

"మ్యాపులో ఏ రోజు చూసినా నా చివరి గీతలన్నీ చెడిపోయాయి. నేను సరిగ్గా నడపలేదని బాస్ రిపోర్టు రాస్తున్నారట. చూస్తే, రోజూ నేను తిరిగొచ్చే వేళకి మీ నేల మీటరు ఎగిరెగిరి పడుతోంది!"

"సూర్యుడి మీద తుఫాన్లు వస్తే మీటరు ఇలాగే ఎగురుతుందండీ," అన్నాను, కళ్లజోడు సర్దుకుని, ప్రొఫెసర్ లెవెల్లో.

"ఆ తుఫాను ఆదివారం సెలవు తీసుకుంటుందా?"

ఆదివారం విమానం ఎగరదు. గ్రాఫులో ఆ రోజు గీత నున్నగా ఉంది. ఆమె కిటికీలోంచి నా బైకు వైపు అదోలా చూసింది.

"సాయంత్రాలు మీరెక్కడుంటారు?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో లైటు. ఆమె దిగడం చూడ్డానికి రోజూ ముందే వెళ్లి, ఆ మీటరు పక్కనే బైకు ఆపేవాణ్ని. అంత ఇనుము! 'వాహనాలు దగ్గరకు తేరాదు' అని అక్కడ బోర్డు పాతింది కూడా ఈ మేధావే.

నోరు మూసుకుంటే నేను బతికిపోతాను. ఆమె ఉద్యోగం మీదికొస్తుంది. వెంటనే బాస్‌కి ఫోన్ చేశాను.

"సార్, తప్పు పైలట్ గారిది కాదు. మీటరు పక్కన బైకు పెట్టింది నేనే."

"అక్కడికి బైకెందుకయ్యా?"

"పైలట్ గారు దిగడం చూద్దామని సార్."

"రోజూనా?"

"ఆమె అంటే నాకు చాలా ఇష్టం సార్."

"అది వాళ్ల అమ్మానాన్నలతో చెప్పుకో. నాకెందుకు?" అని పెట్టేశారు.

ఫోను బల్ల మీద బోర్లించాను.

"నాకు చెప్పాల్సింది ఆయనకు చెప్పారేం?" అంది పైలట్.

"ఆయన దూరంగా ఉన్నారు కదండీ. ధైర్యం వచ్చింది."

కోప్పడబోయి నవ్వేసింది. "రన్‌వే చివర రోజూ ఒక మనిషి నిలబడితే పైలట్‌కి కనిపించడా? మీరు కనిపించని ఆదివారాలు నాకూ తోచేది కాదు. సరే, ఆ గీతలన్నీ మళ్లీ ఎగరాలి. రేపు నడిచి రండి."

మర్నాడు నడిచే వెళ్లాను. ఎందుకైనా మంచిదని ఇనుప బకిల్ ఉన్న బెల్టు కూడా ఇంట్లోనే వదిలేశాను. విమానం దిగుతుంటే ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చెయ్యి ఆమెకేసి ఊపాను.