భుజాన ఎర్ర హ్యాండ్‌బ్యాగు

...అయినా అది మెచ్చుకునే మాటేం కాదు, వెక్కిరింతే. నిఘంటువు ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుని, ‘అక్సోరియస్’ అనే ఇంగ్లీషు విశేషణానికి అతను అర్థం రాశాడు: పెళ్ళాం కొంగు పట్టుకు తిరిగేవాడు.

రాస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. అమ్మ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని బజారంతా తిరిగే నాన్న. దుకాణాల ముందు నవ్వులు. ఆ నవ్వులకు జడిసి, వాళ్ళెవరో తెలియనట్టు వెనకాల నడిచే తను.

ప్రూఫులు దిద్దే అమ్మాయి ఆ అర్థాన్ని అడ్డంగా కొట్టేసింది.

“మౌనస్వామిగారూ, ఇది అర్థమా, ఎత్తిపొడుపా?”

“ఇంగ్లీషులోనూ ఎగతాళిగానే వాడతారండీ.”

“వాడుకోనీండి. పెళ్ళానికి భయపడటం వేరు, పెళ్ళామంటే పట్టరాని మురిపెం వేరు. ఈ మాట మురిపెం గురించి. ఎగతాళి చూసేవాళ్ళది, ఆ మొగుడిది కాదుగా?”

నిజమే, నాన్న ఏనాడూ తల దించుకోలేదు. ఆ సిగ్గంతా తనదే.

“పోనీ, మీరలా ఉండగలరా?”

“అది పెళ్ళైన మగాడికే వాడాలండీ. నాకు వర్తించదు.”

“అబ్బో, రూల్సు!” నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించింది. “ఆదివారం మా వదిన తమ్ముడు నన్ను చూసుకోడానికొస్తాడట. అతన్ని రమ్మనమని అమ్మకి చెప్పనా, వద్దని చెప్పనా?”

పొద్దస్తమానం మాటల మధ్య బతికేవాడు, ఆమె వంక చూడకుండా నిఘంటువు పేజీలు తిరగేయడం మొదలెట్టాడు. ఆమె ప్రూఫులు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం వాన దంచికొట్టింది. ఆఫీసంతా వాకిట్లో నిలబడిపోయింది. ఆమె ఒక చేత్తో పుస్తకాలు పొదువుకుని, రెండో చేత్తో మొండికేసిన గొడుగుతో కుస్తీ పడుతోంది. మువ్వలు కుట్టిన ఎర్ర హ్యాండ్‌బ్యాగు భుజం మీంచి జారిపోతోంది.

అందరూ ఉన్నారు. టైపిస్టులు, అకౌంటెంటు, పెద్ద ఎడిటరు. నవ్వడానికి సరిపడా జనం.

అతను దగ్గరికెళ్ళాడు. “బ్యాగిలా ఇవ్వండి.”

“అందరూ చూస్తున్నారు, స్వామీ.”

“చూడనీండి. మీ అమ్మగారికి వద్దని చెప్పండి.”

ఆమె కళ్ళు మెరిశాయి. “మరి ఆ మాట మీకు వర్తించదన్నారు?”

“వర్తించేదాకా ప్రాక్టీసు!”

వెనకనుంచి ఎవరో ఈల వేశారు. “ఏమోయ్, అప్పుడే మొదలెట్టావా?” అన్నాడు పెద్ద ఎడిటరు.

“ఆలస్యమైందండీ,” అని, కప్పు గెలిచినవాడిలా ఎర్ర హ్యాండ్‌బ్యాగును భుజాన తగిలించుకుని, మువ్వలు ఘల్లుమంటుండగా వానలోకి అడుగేశాడు.