తొమ్మిదో గొంతు

తమ్ముడు సినిమా తీస్తున్నాడంటే అక్కకి జీతం లేని ఉద్యోగం దొరికినట్టే. చంద్రుణ్ణి కిందికి లాగే యంత్రం ఒకటి, దానివల్ల సముద్రం పొంగి నగరం మునిగిపోవడం, ఇదీ కథ. యంత్రమంటే పాత వాషింగ్ మెషిన్ డ్రమ్ము. నగరమంటే అట్టపెట్టెలు. సముద్రం వాళ్లింటి స్నానాల తొట్టిలోనే పొంగింది. ఇళ్లలో టీవీ ముందు కూర్చుని చూసే సినిమాయే కదా, బొమ్మ తేలిపోయినా శబ్దంతో నెట్టుకొచ్చేయొచ్చని తమ్ముడి ధీమా. ఆ శబ్దాల పని తీసుకొచ్చి అక్క మెడకి చుట్టాడు.

మునిగిపోయే బడిలో పిల్లల కేకలు కావాలి. పిల్లల్ని పిలిపిస్తే ఖర్చు. అందుకని అక్క తన ఆరేళ్ల కూతుర్నే మైకు ముందు నిలబెట్టింది. ఇంట్లో అందరూ దాన్ని పిచ్చుక అంటారు.

"అమ్మా, నీళ్లొస్తున్నాయి!" అని పిచ్చుక ఒక్కసారి అరిచింది. ఆ ఒక్క అరుపునే అక్క ఎనిమిది కాపీలు చేసి, ఒకదాన్ని సన్నగా, ఇంకోదాన్ని బొంగురుగా మార్చి, కాస్త వెనకా ముందూ జరిపింది. ఎనిమిది మంది పిల్లలు తయారయ్యారు. ఈ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే.

ఆదివారం మధ్యాహ్నం. కిటికీలకి దుప్పట్లు కట్టిన గది చీకటిగా, ఉక్కగా ఉంది. వేడెక్కిన వైర్ల వాసన. వెనక సోఫాలో పిచ్చుక నిద్రపోతోంది. అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏది ఎంత వినబడుతోందో చూద్దామని ఒక్కో గొంతే మూసుకుంటూ వచ్చింది. ఎనిమిదీ మూసేసింది.

ఇంకా వినబడుతోంది.

"అమ్మా..."

కంప్యూటర్ తెర మీద, గొంతుకో గీత చొప్పున ఎనిమిదే ఉండాల్సిన చోట, తొమ్మిదో గీత ఉంది. పొరపాటున ఇంకో కాపీ చేసి ఉంటానని సర్దిచెప్పుకుని, తీసేయడానికి మీట మీద వేలు పెట్టింది.

"తీసెయ్యకమ్మా... నేనిక్కడున్నా."

ఆ మాట పిచ్చుక చేత తను పలికించలేదు. మైకు తీగ ఊడదీసి, చుట్టి పక్కన పడేసి ఉంది. అయినా గుసగుసగా అడిగింది.

"ఎవరు?"

"నేనేనమ్మా. అరవమన్నావుగా... అరిచాను. తర్వాత నువ్వు వేరే పిల్లని తీసుకెళ్లిపోయావు."

అక్క వెనక్కి తిరిగింది. పిచ్చుక లేచి కూర్చుని ఉంది. ఎప్పుడు లేచిందో...

"తీసెయ్యమ్మా," అంది మెల్లగా.

"ఏంటే తీసెయ్యాల్సింది?"

"దాన్ని."

హెడ్‌ఫోన్స్ అక్క చెవులకే ఉన్నాయి. ఆ గొంతు సోఫా దాకా వినబడే వీల్లేదు.

ఎవర్ని చెరిపేస్తే తన బిడ్డ పోతుందో ఆమెకి అంతుపట్టలేదు. కన్నబిడ్డ వైపు చూడటానికి భయపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మీట మీద నుంచి వేలు తీసేసింది. సోఫాలోంచి పిచ్చుక రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉంది.

ఫైలు పాడైపోయిందని తమ్ముడికి అబద్ధం చెప్పింది. వాడు చిందులు తొక్కి, చివరికి తనే గొంతు సన్నం చేసుకుని అరిచి పని కానిచ్చాడు. సినిమా బయటికొచ్చింది. చూసినవాళ్లు పడీ పడీ నవ్వారు.

ఇప్పటికి ఆరు నెలలు. ఆ గొంతు దాచిన డిస్కు బీరువాలో చీరల కింద ఉంది. ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని అక్క రోజూ వింటుంది, పలకరిస్తుంది, ఏడుస్తుంది. నిన్న ఆ గొంతులో మాట కాస్త గాలి పోతున్నట్టు వచ్చింది.

"అమ్మా, నా ముందు పన్ను ఊడింది!" అంది సంబరంగా. "పక్కది కూడా కదులుతోంది."

సాయంత్రం పిచ్చుక బడి నుంచి రాగానే ఒళ్లో కూర్చోబెట్టుకుని నోరు తెరవమంది. పాలపళ్లన్నీ వరసగా, గట్టిగా ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

ఆ తర్వాత చేతులు పట్టుకుని చూసింది. గోళ్లు పొట్టిగానే ఉన్నాయి. ఈ ఆరు నెలల్లో ఆ గోళ్లు ఒక్కసారైనా కత్తిరించినట్టు ఆమెకి గుర్తు లేదు.