పన్ను మీద పన్ను

అన్నం, నాచు పులుసు, వేయించిన నెత్తళ్ళు బల్ల మీద సర్ది, తనూ కూర్చున్నాక యున్సుక్ మామూలుగా చెప్పినట్టే చెప్పింది.

"వచ్చే మంగళవారం పళ్ళకి క్లిప్పులు వేయించుకుంటున్నాను."

పడవ ఇంజన్లు బాగుచేసే ఆమె భర్త తేగిల్ అప్పటికే సగం గిన్నె ఖాళీ చేశాడు. "ఎవరికి?" అన్నాడు.

"నాకేనండీ."

"నలభై ఆరేళ్ళకా? మంచిదే. మళ్ళీ బడికి కూడా వెళ్తావా?"

యున్సుక్ నవ్వింది, అలవాటుగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. పైవరసలో రెండు కోరపళ్ళూ పక్కపళ్ళ మీదికి ఎక్కి ఉంటాయి ఆమెకి. తోంగ్యోంగ్ రేవులో లాంచీల టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే ఉద్యోగం. మహమ్మారి పోయి అందరూ మాస్కులు తీసేసినా ఆమె మాత్రం తియ్యలేదు. అడిగితే దుమ్ము అంటుంది.

"అందం కోసం కాదు. ఆ సందుల్లోకి బ్రష్షు వెళ్ళక చిగుళ్ళు పాడైపోయాయట. కింద ఒక పన్ను కదులుతోంది. ఇలాగే వదిలేస్తే యాభై దాటేలోపు నాలుగైదు పళ్ళు పోతాయంది డాక్టరమ్మ."

"పోతే కట్టుడు పళ్ళు పెట్టుకోవచ్చు. నేను పెట్టుకోలా?" అంది తల్లి మారిమ్. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. భర్త పోయాక ఎనిమిదేళ్ళుగా కూతురి దగ్గరే ఉంటోంది. "ఈ వయసులో నోటినిండా తీగలేసుకుని టికెట్లు అమ్ముతావా? జనం నవ్వరూ?"

"నవ్వనీ. అన్నట్టు అమ్మా, డాక్టరమ్మ ఒకటి అడిగింది. చిన్నప్పుడు నా దవడ పాలపళ్ళు ముందే పీకించేశారా అని. నాకేమీ గుర్తులేదు. పీకించావా?"

మారిమ్ చెంచా కింద పెట్టింది. "నలభై ఏళ్ళ కిందటి సంగతి నాకేం గుర్తుంటుంది?" అని, పులుసు అలాగే వదిలేసి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ సరిగా తినలేదు. అడిగితే అరగట్లేదనేది.

సోమవారం మధ్యాహ్నం రేవులో ఉండగా యున్సుక్‌కి పళ్ళ ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. రేపటి సమయం రద్దు చేశారు కదా, మళ్ళీ ఎప్పుడు రాసుకోమంటారు అని. తను రద్దు చెయ్యలేదంది యున్సుక్. మీ అమ్మగారు పొద్దున ఫోన్ చేసి, మా అమ్మాయి రాదు, ఆ మందుల చీటీలూ కాగితాలూ అన్నీ చింపెయ్యండి అన్నారని చెప్పింది ఆస్పత్రి అమ్మాయి.

యున్సుక్ రేపటి సమయం తనకే ఉంచమని చెప్పి ఫోన్ పెట్టేసింది. సాయంత్రం దాకా ఎలా కూర్చుందో ఆమెకే తెలియాలి. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూనే మొదలుపెట్టింది.

"నా నోటి గురించి నన్నడక్కుండా ఫోన్ చేశావా?"

వంటింట్లో ముల్లంగి తరుగుతున్న మారిమ్ తలెత్తలేదు. "నీ మంచికే చేశాను."

"ఏది మంచి? బళ్ళో నన్ను ఏమని పిలిచేవాళ్ళో తెలుసా నీకు? పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లోనైనా పెదాలు తెరిచానేమో చూడు. బ్యాంకు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే ముగ్గురు అడిగిన ప్రశ్నలకి తల దించుకునే జవాబు చెప్పి వచ్చాను. నువ్వు ఒక్కసారి, ఒక్కసారైనా నా పళ్ళ గురించి మాట్లాడావా అమ్మా? నీకసలు కనిపించనేలేదు."

కత్తి ఆగింది.

"కనిపించలేదా," అంది మారిమ్. "ఆ రెండు పళ్ళూ నీ నోట్లో మొలిచిన రోజు నుంచీ నాకు అవే కనిపిస్తున్నాయే."

యున్సుక్‌కి అర్థం కాలేదు. మారిమ్ చేతులు తుడుచుకుని నేలమీదే కూర్చుంది.

"మీ నాన్న వేటకి పోతే నెలల తరబడి రాడు. నేను గుల్లల షెడ్డులో చేరాను. పొద్దున నాలుగింటికి కూర్చుంటే కత్తితో సముద్రపు గుల్లలు విప్పి లోపలి మాంసం తియ్యడమే పని. నిన్ను వదిలి వెళ్ళడానికి ఇంట్లో ఎవరూ లేరు. పిల్ల ఏడిస్తే పనిలోకి రావద్దన్నాడు యజమాని. చుట్టూ కత్తులు, పదునైన చిప్పలు. నువ్వు పాకేదానివి, తర్వాత పరిగెత్తేదానివి. అందుకని నీ బుగ్గలో ఒక పాకం బిళ్ళ పెట్టేదాన్ని. కరిగిపోగానే ఇంకోటి. నాలుగేళ్ళు అలాగే గడిపాను. ఆరో ఏట నీ దవడపళ్ళు నల్లబడి, ముఖం వాచి, ఒళ్ళు కాలిపోయింది. నాలుగు పీకాడు డాక్టరు. ఇంకా పీకే వయసు కాదమ్మా, పెద్దపళ్ళకి చోటు పోతుంది, వంకరగా వస్తాయి అని నాతో చెప్పాడు. అంటే నాకు తెలుసు. ఆ పళ్ళు మొలవకముందే నాకు తెలుసు. నువ్వు అద్దం ముందు నిలబడ్డప్పుడల్లా నేను గదిలోంచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడా డాక్టరమ్మ ఒక్క చూపులో కనిపెట్టేసింది. రేపు నీకు చెప్పేస్తుందని..."

యున్సుక్ వాకిట్లోనే నిలబడిపోయింది. ఒక్క క్షణం ఆమెకి కోపం రావాలనిపించింది. వెతికింది, దొరకలేదు. మంచు కురిసే తెల్లవారుజామున తడి రబ్బరు బూట్లతో కూర్చుని, పక్కన పిల్లని పెట్టుకుని కత్తి తిప్పుతున్న ముప్ఫై ఏళ్ళ మనిషి కనిపించింది. ఇప్పుడు తనకంటే పదహారేళ్ళు చిన్నది ఆ మనిషి.

వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. "ఆ కత్తుల మధ్య నా వేలు తెగకుండా పెంచావు కదమ్మా," అంది. "రేపు నువ్వూ రా నాతో."

మంగళవారం డాక్టరమ్మ గదిలో మారిమ్ కూర్చోకుండానే మాట్లాడింది, పోలీసుల ముందు లొంగిపోయిన మనిషిలా.

"పీకించింది నేనే. తీపి పెట్టిందీ నేనే. కాగితం మీద రాసుకోండి."

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టింది. "అది ఒక కారణమమ్మా, కాదనను. పాలపన్ను ముందే పోతే వెనక పన్ను ముందుకి జరిగి ఆ చోటు ఆక్రమించేస్తుంది. చివర్లో వచ్చే కోరపన్నుకి చోటుండదు, పైనుంచి తోసుకొస్తుంది. కానీ ఇక్కడ చూడండి, దవడే సన్నం. పళ్ళేమో పెద్దవి. ఆ నాలుగూ ఉన్నా కొంత ఇరుకు తప్పేది కాదు."

"వాళ్ళ నాన్న దవడ అంతే," అంది మారిమ్ మెల్లిగా.

"ఇంకోటి. ముఖం వాచి జ్వరంతో ఉన్న పిల్లకి ఆ పళ్ళు తియ్యకపోతే చీము ఎక్కడిదాకా పాకేదో. మీరు ఆ రోజు తీసుకెళ్ళి మంచి పని చేశారు."

మారిమ్ అప్పుడు కూర్చుంది. ఎక్స్‌రే వైపు వంగి అడిగింది. "ఇంత ముదిరిన ఎముకలో పన్ను కదులుతుందా?"

"కదులుతుంది. నెమ్మదిగా తోస్తే ఒక పక్క ఎముక కరుగుతుంది, రెండో పక్క కొత్తది కడుతుంది. పెద్దవాళ్ళకి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే. రెండు నెలలుగా చిగుళ్ళు నయం చేస్తూ వచ్చాం కాబట్టి ఇవాళ పైన తీగ వేస్తాను. రెండేళ్ళు. తర్వాత మళ్ళీ పక్కకి జరిగిపోకుండా రాత్రిళ్ళు తొడుగు పెట్టుకోవాలి. నలభయ్యేళ్ళు దాటిన కూతుర్ని తల్లి తీసుకురావడం మాత్రం ఇదే చూడ్డం."

గంటన్నర తర్వాత యున్సుక్ బయటికొచ్చింది. పెదాలు మూతపడక, దవడ బిగుసుకుపోయి, మాట ముద్దగా వస్తోంది. మారిమ్ ఆమె గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి, పన్ను పన్నూ చూసింది.

"నొప్పిగా ఉందా?"

"కొంచెం."

"నాకు ఆకలేస్తోందే," అంది మారిమ్.

బజారు వెనక సందులో గుల్లల జావ కాచే చిన్న కొట్టుంది. ఇద్దరూ అక్కడ కూర్చున్నారు. యున్సుక్ చెంచా అంచుతో కొంచెం కొంచెంగా మింగుతుంటే మారిమ్ ఒక గిన్నె ముగించి రెండోది అడిగింది. తింటూనే షెడ్డు సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. యజమాని కుంటి కుక్క, పాటలు పాడే పెద్దావిడ, జీతం రోజు అందరూ కలిసి వండుకున్న చేపల పులుసు. నలభై ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ వినని కథలు. బయట వాన మొదలైంది. ఇంటికి వెళ్ళే బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఇద్దరూ లేవలేదు.

"తర్వాత?" అంది యున్సుక్, ముద్ద మాటతో.