విననట్టు నడిచిన సాయంత్రం

"మరిబెల్! వానొచ్చేట్టుంది. నాతో కలిసి నడువే!" అమ్మమ్మ వెనక నుంచి పిలిచింది.

పదేళ్ల మరిబెల్‌కి ఆ కేక స్పష్టంగా వినబడింది. అయినా విననట్టే ముందుకు నడిచింది.

అమెరికాలోని డెన్వర్‌లో వాళ్ల వీధి పక్కనే వాగు. రోజూ సాయంత్రం ఇద్దరూ రోడ్డుకు దిగువన, వాగు వెంట ఉన్న కాలిబాటలో నడుచుకుంటూ, అది నదిలో కలిసేదాకా వెళ్లివస్తారు. అమ్మమ్మది నత్తనడక. పైగా కనిపించిన బాతునల్లా పలకరిస్తుంది, "ఏమ్మా, పిల్లలేరీ?" అని.

ఇందాకే క్లాసులోని రెనాటా సైకిలు మీద ఎదురొచ్చింది. "మీ అమ్మమ్మ బాతులతో మాట్లాడుతోందేంటే?" అని కిసుక్కున నవ్వి వెళ్లిపోయింది. మరిబెల్‌కి తల కొట్టేసినట్టయింది.

అందుకే మలుపు దగ్గర ర్యాంపు ఎక్కి, పైనున్న రోడ్డు మీదికి వెళ్లి చెట్టు చాటున నిలబడింది. 'కాసేపు వెతుక్కోనీ' అనుకుంది.

"మరిబెల్!" కింద నుంచి కేక. పలకలేదు.

"అమ్మడూ, ఎక్కడున్నావే?" ఈసారి గొంతు వణికింది. అయినా పలకలేదు.

మళ్లీ ఒక కేక, దూరంగా. ఆ తరువాత ఏమీ వినబడలేదు.

పెద్దగా ఉరిమింది. మరిబెల్ కిందికి తొంగిచూసింది. తేటగా ఉండే నీళ్లు ఎర్రగా, బురదగా పరుగెడుతున్నాయి. పైన కొండల్లో ఎప్పుడో వాన మొదలైనట్టుంది. కింది దారి అప్పుడే మునుగుతోంది.

"అమ్మమ్మా!"

నీళ్ల హోరే తప్ప జవాబు లేదు. మరిబెల్ రోడ్డు వెంట పరుగెత్తింది.

వంతెన దగ్గర కనబడింది అమ్మమ్మ. మోకాళ్ల దాకా నీళ్లు. గోడకున్న కమ్మీ పట్టుకుని, వెనక్కి రాకుండా ఇంకా ముందుకే వెళుతోంది. ఆమె వెతుకుతున్నది తన కోసమే.

"అమ్మమ్మా, నేను పైనున్నా! ఆగు!" అని అరిచి, అటుగా జాగింగ్ చేస్తున్న ఒకాయన చెయ్యి పట్టుకుంది. "మా అమ్మమ్మ నీళ్లలో ఉందండీ! కాస్త రండి!"

ఆయన గబగబా దిగి అమ్మమ్మను పైకి తీసుకొచ్చాడు. ఆమె కాలికి ఒక బూటే మిగిలింది.

"నీళ్లలో పడ్డావేమో అనుకున్నానే," అంటూ అమ్మమ్మ మరిబెల్ ముఖమంతా తడిమింది. "నా పిలుపు నీకు వినబడి ఉండదు. నాదసలే చిన్న గొంతాయె."

మరిబెల్ ఇల్లు చేరేదాకా అమ్మమ్మ చెయ్యి వదల్లేదు.

తలుపు తీసిన అమ్మ అదిరిపడింది. "ఇదేంటి, ఇలా తడిసిపోయారు?"

"కాలు జారిందిలే," అంది అమ్మమ్మ.

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది.

"కాదమ్మా," అంది మరిబెల్. "అమ్మమ్మ పిలుస్తుంటే నాకు వినబడింది. అన్నిసార్లూ వినబడింది. కావాలనే పలకలేదు."

అమ్మమ్మ మెల్లగా తల తిప్పి చూసింది.

మరిబెల్ తువ్వాలు తెచ్చింది. నేల మీద కూర్చుని, బురదైన ఆ పాదాలను ఒడిలో పెట్టుకుని తుడవసాగింది.